ఫోర్-స్ట్రోక్ స్నోమొబైల్: ఇంట్లోనే మెయింటెనెన్స్, రిపేరు వరుసగా ఎలా చేసుకోవాలి?

ముందు స్కీలు, వెనక ట్రాక్‌తో మంచు మీద నడిచే స్నోమొబైల్ మొరాయించగానే చాలామంది ముందు ఇంజిన్‌నే అనుమానిస్తారు. కవర్లు విప్పుతారు, స్పార్క్ ప్లగ్గులు ఊడదీస్తారు, సగం రోజు పోయాక బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉందని తేలుతుంది. ఫోర్-స్ట్రోక్ బండిలో ఇంజిన్ గట్టిది, దాని జోలికి వెళ్లాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. ఇబ్బంది పెట్టేవి దాని చుట్టూ ఉన్నవే: బ్యాటరీ, ఆయిల్ లెవెల్, బెల్టు (ముందు, వెనక క్లచ్‌ల మధ్య తిరుగుతూ ఇంజిన్ ఊపును ట్రాక్ వైపు పంపే రబ్బరు పట్టీ), ట్రాక్ (కింద తిరుగుతూ బండిని నెట్టే వెడల్పాటి రబ్బరు పట్టా). కాబట్టి తేలికైనవి, ఖర్చు లేనివి ముందు చూసుకుంటూ, విప్పదీయాల్సినవి చివరికి వదిలేసే వరుసలో ఈ గైడ్ రాస్తున్నాను. ఈ వరుస తప్పకపోతే చాలా సమస్యలు ఇంట్లోనే తేలిపోతాయి.

## 1. పని మొదలుపెట్టే ముందు

ముందుగా మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. కనీసం ఓనర్స్ మాన్యువల్ అయినా దగ్గర ఉండాలి. బోల్టు ఎంత బిగించాలి, ఆయిల్ ఎంత పోయాలి, ట్రాక్ ఎంత వేలాడాలి అనేవి మోడల్‌ను బట్టి మారతాయి. కింద నేను ఇచ్చే అంకెలు ఒక అంచనా కోసమే. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- మిల్లీమీటర్ సాకెట్ సెట్, టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నారో చూపేది)
- డిజిటల్ మల్టీమీటర్
- గ్రీజు గన్, చలికి గట్టిపడని గ్రీజు
- బండి వెనక భాగాన్ని ఎత్తి నిలబెట్టే గట్టి స్టాండ్
- బెల్టు తీయడానికి బండితో పాటు వచ్చిన పరికరం
- పొడవైన తిన్నని బద్ద, టేపు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు)
- బ్రేక్ క్లీనర్, శుభ్రమైన గుడ్డలు, నైట్రైల్ గ్లవ్స్
- గరాటు, పాత ఆయిల్ పట్టే వెడల్పాటి ట్రే

మూడు జాగ్రత్తల విషయంలో మాత్రం రాజీ వద్దు.

తలుపులు మూసిన గ్యారేజ్‌లో ఇంజిన్ ఆన్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తల తిరుగుతోందని తెలిసేసరికే ఆలస్యమవుతుంది. తలుపు కొద్దిగా తెరిచి ఉంచడం కూడా చాలదు, బండిని బయటికి లాగండి.

ట్రాక్ గాలిలో తిరుగుతున్నప్పుడు దాని వెనక ఎవరూ నిలబడకూడదు. ట్రాక్‌లో ఇరుక్కున్న రాయి గానీ, ఊడిన స్టడ్ (పట్టు కోసం ట్రాక్‌కు బిగించే లోహపు మేకు) గానీ బుల్లెట్‌లా వచ్చి తగులుతుంది.

క్లచ్ గార్డు తీసి ఉన్నప్పుడు ఇంజిన్ తిప్పకండి. బెల్టు తెగితే ఆ ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం.

## 2. స్టార్ట్ కావడం లేదు

ఎన్నో ఫోర్-స్ట్రోక్ మోడళ్లకు లాగి స్టార్ట్ చేసే తాడు ఉండదు. అంతా సెల్ఫ్ మీదే నడుస్తుంది. అంటే బ్యాటరీ పోతే బండి పోయినట్టే. బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతోందో ముందు చెవిపెట్టి వినండి, దారి అక్కడే చీలుతుంది.

2.1 అసలు చప్పుడే లేదు

- సేఫ్టీ తాడు (నడిపేవాళ్లు ఒంటికి తగిలించుకునేది, ఊడితే ఇంజిన్ ఆగిపోతుంది) క్యాప్ పూర్తిగా లోపలికి కూర్చుందా? క్యాప్ కింద మంచు పేరుకుంటే స్విచ్ కలవదు. తీసి, తుడిచి, మళ్లీ నొక్కండి.
- హ్యాండిల్ మీది కిల్ స్విచ్ రన్ వైపు ఉందా?
- డిస్‌ప్లే వెలుగుతోందా? వెలగకపోతే మెయిన్ ఫ్యూజ్, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.
- కొన్ని మోడళ్లలో బ్రేక్ పట్టుకుంటేనే, లేదా గేరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది.

2.2 టిక్ టిక్ మంటోంది, లేదా నీరసంగా తిరుగుతోంది

ఇది పక్కాగా కరెంటు సమస్య. మల్టీమీటర్ తీయండి. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ మీద కొలవండి.

- 12.6 వోల్టులు, ఆపైన: నిండుగా ఉంది
- 12.4: ముప్పాతిక వంతు
- 12.2: సగం
- 12.0, ఆ కిందకు: దాదాపు ఖాళీ

నిలకడగా 12.6 చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని తేల్చేయకండి. సెల్ఫ్ నొక్కుతూ మళ్లీ కొలవండి. చార్జ్ నిండుగా ఉన్నా ఆ క్షణంలో 9.6 వోల్టుల కిందకు పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైపోయింది, చార్జ్ పెట్టినా లాభం లేదు.

వోల్టేజ్ బాగానే నిలబడి, సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరుగుతుంటే తప్పు తీగల్లో ఉంది. మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని సెల్ఫ్ మోటార్‌కు వైరు బిగించిన బోల్టు మీద పెట్టి సెల్ఫ్ నొక్కించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో వదులు కనెక్షన్ గానీ, తుప్పు గానీ, కాలిపోయిన రిలే గానీ ఉంది. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ లోహానికి కొలవండి. అక్కడ 0.3 వోల్టు దాటితే ఎర్త్ వైరు విప్పి, కాంటాక్టు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించండి. చాలామంది ప్లస్ వైరునే శుభ్రం చేసి ఎర్త్ వైరును మర్చిపోతారు. నా అనుభవంలో ఎర్త్ వైరే ఎక్కువసార్లు దోషిగా తేలుతుంది.

టెర్మినల్ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. తెల్లగా, పచ్చగా పొడి కట్టి ఉంటే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన పల్చగా డైఎలెక్ట్రిక్ గ్రీజు పూయండి.

చార్జ్ అయిపోయిన బ్యాటరీ గడ్డకడుతుంది. నిండుగా ఉన్న లెడ్ బ్యాటరీ ఎంత చలికైనా తట్టుకుంటుంది. ఖాళీ బ్యాటరీ మాత్రం సున్నాకు కొన్ని డిగ్రీలు కిందకు వెళ్లగానే లోపల మంచు కడుతుంది. పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే దానికి చార్జర్ తగిలించకండి, పేలే ప్రమాదం ఉంది. వెచ్చటి చోట పూర్తిగా కరగనిచ్చి చూడండి. ఒళ్లు పగిలి ఉంటే మార్చేయడమే.

2.3 బాగానే తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు

కీ ఆన్ చేసి, సెల్ఫ్ నొక్కకుండా వినండి. చాలా మోడళ్లలో రెండు మూడు సెకన్లు పెట్రోల్ పంపు జుయ్‌మని తిరుగుతుంది. ఆ చప్పుడు లేకపోతే పంపు ఫ్యూజ్, రిలే, కనెక్టర్ ఈ వరుసలో చూడండి.

పంపు తిరుగుతున్నా అందుకోకపోతే:

- ట్యాంకులో పెట్రోల్ ఎంత పాతది? నెలల తరబడి స్టెబిలైజర్ (పెట్రోల్ చెడిపోకుండా కలిపే మందు) లేకుండా ఉన్నదైతే తీసేసి కొత్తది పోయండి.
- పెట్రోల్‌లో నీరు చేరి గొట్టంలో గడ్డకట్టిందా? బండిని కొన్ని గంటలు వెచ్చటి గదిలో పెడితే తేలిపోతుంది. కరిగాక స్టార్ట్ అయితే ట్యాంకు అడుగున నీరున్నట్టే, ఖాళీ చేసి శుభ్రం చేయండి.
- ఎయిర్‌బాక్స్ (ఇంజిన్‌కు గాలి అందించే పెట్టె) ముఖద్వారం దగ్గర ఉన్న వల మంచుతో మూసుకుపోయిందా? పొడి మంచులో తిరిగి వచ్చాక ఇది మామూలే.
- డిస్‌ప్లే మీద ఫాల్ట్ కోడ్ ఉందా? ఉంటే ముందు రాసిపెట్టుకోండి. తుడిచేశాక వెతుక్కుంటే దొరకదు.

మాటిమాటికీ స్టార్ట్ చేసి వెంటనే ఆపేస్తే ప్లగ్గులు పెట్రోల్‌తో తడిసిపోతాయి. ట్రైలర్ ఎక్కించడానికని పది సెకన్లు నడిపి ఆపిన బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. చాలా మోడళ్లలో థ్రాటిల్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ తిప్పితే కంప్యూటర్ పెట్రోల్ చిమ్మడం ఆపేస్తుంది, సిలిండర్లు ఆరతాయి. మీ బండికి ఆ ఏర్పాటు ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ తిప్పకండి, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలిపోతుంది.

మామూలుగా స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం థ్రాటిల్ ముట్టుకోకండి. ఎంత పెట్రోల్ కావాలో ఇంజెక్షన్ కంప్యూటర్‌కే తెలుసు.

## 3. స్టార్ట్ అయింది, కదలడం లేదు

ఇంజిన్ బాగా మోగుతుంది, బండి అంగుళం జరగదు. రాత్రి తడి మంచులో ఆపిన బండికి పొద్దున ట్రాక్, స్కీలు నేలకు అతుక్కుపోయి ఉంటాయి. ఇక్కడ థ్రాటిల్ గట్టిగా నొక్కడమే అందరూ చేసే తప్పు. ట్రాక్ కదలదు కాబట్టి క్లచ్ ఒకేచోట బెల్టును రాపిడి చేస్తుంది. రబ్బరు కాలిన వాసన వచ్చిందంటే బెల్టులో ఆ చోట గుంట పడినట్టే. అక్కడి నుంచి ఆ బెల్టు ప్రతి చుట్టుకూ దబ్ దబ్‌మని కొడుతూనే ఉంటుంది, దాన్ని బాగుచేయడం కుదరదు.

చేయాల్సింది ఇది:

1. ఇంజిన్ ఆపండి.
2. స్కీ కొనలను పట్టుకుని అటూ ఇటూ ఊపి ఊడదీయండి.
3. వెనక బంపర్ పట్టుకుని, మోకాళ్లు వంచి, వెనక భాగాన్ని ఎత్తి వదలండి. రెండు మూడుసార్లకు పట్టు వదులుతుంది.
4. సస్పెన్షన్ చక్రాల మధ్య మంచు గడ్డలుంటే చెక్కతో కొట్టి రాల్చండి. ఇనుప కడ్డీ వాడితే ట్రాక్ చిరుగుతుంది.
5. ఇప్పుడు స్టార్ట్ చేసి, ఇంజిన్ కాస్త వేడెక్కాక మెల్లగా కదిలించండి.

మర్నాటికి ఇబ్బంది లేకుండా ఉండాలంటే ఆపేటప్పుడే స్కీల కింద, ట్రాక్ కింద చెక్క ముక్కలు పెట్టండి.

## 4. ఆయిల్: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే

చాలా ఫోర్-స్ట్రోక్ స్నోమొబైళ్లలో డ్రై సంప్ ఉంటుంది. అంటే ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా విడిగా ఒక ట్యాంకులో నిలవ ఉంటుంది, పంపు దాన్ని ఇంజిన్‌లోకి పంపి మళ్లీ వెనక్కి లాగుతుంది. బండి రాత్రంతా నిలబడితే ట్యాంకులోని ఆయిల్ కొంత నెమ్మదిగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. పొద్దున చల్లటి బండి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తక్కువగా కనిపిస్తుంది. అయ్యో అనుకుని అర లీటరు పోసేస్తారు. బండి నడిచాక లెవెల్ గీత దాటుతుంది, ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం (లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి) గుండా ఎయిర్‌బాక్స్‌లోకి చేరుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలవుతుంది. ఇంజిన్ పోయిందని టెన్షన్ పడతారు. నిజానికి ఆయిల్ ఎక్కువైంది, అంతే.

లెవెల్ సరిగ్గా చూసే పద్ధతి

1. బండిని సమతలంగా ఉన్న చోట నిలపండి.
2. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. కొన్ని కిలోమీటర్లు తిరిగి రావడం మేలు.
3. అర నిమిషం, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.
4. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. మరలు తిప్పి బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. ఇక్కడ పొరబడితేనే చాలా తేడా వస్తుంది.
5. తక్కువ ఉంటే కొంచెం కొంచెం పోసి మళ్లీ చూడండి.

ఏ ఆయిల్? కంపెనీ చెప్పిన గ్రేడ్ సింథటిక్ మాత్రమే. చాలా మోడళ్లకు 0డబ్ల్యూ-30 లేదా 0డబ్ల్యూ-40 చెబుతారు. ఆ మొదటి సున్నాయే గడ్డకట్టే చలిలో ఆయిల్ పలుచగా పారేలా చూస్తుంది. కారుకు మిగిలిపోయిన చిక్కటి ఆయిల్ పోస్తే సెల్ఫ్ తిప్పలేక బ్యాటరీ అలిసిపోతుంది, పై భాగాలకు ఆయిల్ చేరేలోపే అరుగుదల మొదలవుతుంది.

ఆయిల్ మార్చే వరుస

1. బండి గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది.
2. డ్రెయిన్ బోల్టులు ఎన్నో చూసుకోండి. డ్రై సంప్ బండ్లలో కొన్నిటికి ట్యాంకుకు ఒకటి, ఇంజిన్‌కు ఒకటి ఉంటాయి. ఒకటే విప్పితే పాత ఆయిల్ సగం లోపలే ఉండిపోతుంది, కొత్తది మొత్తం పోయగానే పొంగుతుంది.
3. పాత ఆయిల్ పూర్తిగా కారనివ్వండి. వేళ్ల మధ్య రుద్ది చూడండి, లోహపు రవ్వలు తగలకూడదు.
4. ఫిల్టర్ మార్చండి. కొత్త రబ్బరు రింగుకు ఆయిల్ రాయండి. పాత రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోలేదని చేత్తో తడిమి చూసుకోండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే నిమిషాల్లో ఆయిల్ అంతా బయటికి కొడుతుంది.
5. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి. ఇంజిన్ ఒళ్లు అల్యూమినియం, మర పాడైతే చాలా పెద్ద పని.
6. చెప్పిన కొలత కంటే కాస్త తక్కువ పోసి, స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉంచండి. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపండి.
7. లీకులు చూసి, పైన చెప్పిన పద్ధతిలో లెవెల్ సరిచేయండి.

పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. మంచులోనో మట్టిలోనో పారబోయకండి.

మూత కింద తెల్లటి మీగడ

ఆయిల్ మూత తీస్తే లోపల లేత గోధుమరంగు నురగ కనిపిస్తే కంగారు పడకండి. దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తుంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరి కాకుండా ఆయిల్‌లో కలుస్తుంది. అరగంటకు పైగా బాగా నడిపితే పోతుంది. పోకుండా, డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలలా మారి, కూలెంట్ లెవెల్ కూడా తగ్గుతుంటే మాత్రం అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే పొర) వ్యవహారం. బండి నడపడం ఆపేయండి.

ఆయిల్ లెవెల్ దానంతటదే పెరుగుతూ, డిప్‌స్టిక్ పెట్రోల్ వాసన కొడుతుంటే చలిలో కాలని పెట్రోల్ కిందకు దిగుతోందని అర్థం. ఆ ఆయిల్‌కు పట్టు ఉండదు. గడువు రాలేదు కదా అని చూడకుండా మార్చేయండి.

ఇదే తేమ విపరీతమైన చలిలో బ్రీదర్ గొట్టంలో గడ్డకడితే లోపలి ఒత్తిడికి దారి దొరకక సీళ్ల దగ్గర ఆయిల్ తన్నుకొస్తుంది. ఎక్కడినుంచి కారుతోందో అంతుపట్టని లీకు కనిపిస్తే సీలు మార్చే ముందు బ్రీదర్ గొట్టం తీసి చూడండి.

## 5. బెల్టు, క్లచ్‌లు

ఇంజిన్ తిరుగుతోంది కానీ బండికి ఊపు లేదు, స్పీడు అందుకోవడం లేదు అంటే పదికి ఎనిమిదిసార్లు బెల్టే కారణం అని నా నమ్మకం. ముందు అది తీసి చూడండి. ఐదు నిమిషాల పని.

ఇంజిన్ ఆపి, గార్డు తీసి, పరికరంతో వెనక క్లచ్ రేకులను (బెల్టును రెండు పక్కలా పట్టుకునే పళ్లేల్లాంటివి) విడదీస్తే బెల్టు వదులవుతుంది. బయటికి తీసే ముందు దాని మీది రాత ఏ వైపు నుంచి చదవగలుగుతున్నారో, బాణం గుర్తు ఎటు ఉందో చూసుకోండి. మళ్లీ అదే దిశలో ఎక్కించాలి.

బెల్టులో చూడాల్సినవి

- పక్కలు అద్దంలా మెరుస్తున్నాయా? జారుతోంది.
- ఒకచోట సన్నబడిందా? ఎప్పుడో కదలని ట్రాక్ మీద కాలింది.
- పళ్లు విరిగాయా, అడుగున పగుళ్లున్నాయా?
- అంచుల్లో దారాలు లేచాయా? రెండు క్లచ్‌లు ఒకే వరుసలో లేకపోవచ్చు.
- వెడల్పు మాన్యువల్ చెప్పిన కనీస కొలత కంటే తగ్గిందా?

వీటిలో ఏది కనిపించినా మార్చండి. అలాంటి బెల్టును స్పేర్‌గా కూడా ఉంచుకోవద్దు. దారి మధ్యలో అవసరం పడ్డప్పుడు అదీ తెగుతుంది.

కొత్త బెల్టును ఎక్కించే ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. తయారీలో అంటుకున్న జిడ్డు పోతుంది. క్లచ్ రేకుల లోపలి ముఖాలను గరుకు స్క్రబ్బర్ ప్యాడ్‌తో నడిమి నుంచి అంచుల వైపు రుద్ది, బ్రేక్ క్లీనర్ చల్లిన గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా తుడవాలి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకండి, చేతి జిడ్డు చాలు బెల్టు జారడానికి. మొదటి 50 కిలోమీటర్లు థ్రాటిల్ పూర్తిగా నొక్కకుండా, స్పీడు మారుస్తూ నడపండి.

బెల్టు ఎత్తు సరిచేయడం

బెల్టు ఎక్కించాక రేకులు పూర్తిగా మూసుకునేలా ట్రాక్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పి, వెనక క్లచ్‌లో బెల్టు పై అంచు ఎక్కడుందో చూడండి. సాధారణంగా రేకుల అంచుతో సమానంగానో, ఒక మిల్లీమీటరు పైకో ఉండాలి.

- మరీ పైకి ఉంటే బిగువెక్కువ. ఐడిల్‌లోనే బండి ముందుకు పాకుతుంది, రివర్స్ గేరు పడేటప్పుడు గరగరమంటుంది.
- లోపలికి దిగి ఉంటే వదులు. కదిలేటప్పుడు ఒక్క క్షణం తటపటాయించి, ఆపై ఊపందుకుంటుంది.

రేకుల మధ్య ఎడం పెంచితే బెల్టు దిగుతుంది, తగ్గిస్తే పైకి లేస్తుంది. సర్దుబాటు బోల్టును ఒక్కసారి కొద్దిగానే తిప్పి చూడండి.

రెండు మూడు బెల్టులు వరుసగా తెగిపోతుంటే తప్పు బెల్టుది కాదు. క్లచ్‌ల వరుస, ఇంజిన్ మౌంట్లు, వెనక క్లచ్ రోలర్లు ఈ మూడూ చూడకుండా ఇంకో బెల్టు కొనడం డబ్బు తగలేసుకోవడమే.

## 6. కూలెంట్, వేడెక్కడం

స్నోమొబైల్‌కు కారులో ఉన్నట్టు పెద్ద రేడియేటర్ సాధారణంగా ఉండదు. ట్రాక్ పైన, బండి కడుపులో ఉన్న హీట్ ఎక్స్‌చేంజర్ల మీద ట్రాక్ మంచు చిమ్ముతుంటేనే చల్లబడుతుంది. కాబట్టి గట్టి ఐసు మీద, మంచు లేని దారి మీద టెంపరేచర్ లైటు వెలిగితే వెంటనే బండిలో లోపం ఉందనుకోకండి. మెత్తటి మంచులోకి తిప్పండి, లేదా ఆపి ఎక్స్‌చేంజర్ల కిందకు మంచు తన్నండి. ఐస్ స్క్రాచర్లు (ఐసును గీకి పొడి చిమ్మే కడ్డీలు) ఉంటే దించండి.

మంచులో ఉన్నా వేడెక్కుతుంటే:

- ఇంజిన్ పూర్తిగా చల్లారాకే క్యాప్ తీసి లెవెల్ చూడండి.
- మధ్యలో కూలెంట్ మార్చి ఉంటే లోపల గాలి బుడగ ఉండవచ్చు. మాన్యువల్ చెప్పిన వైపు బండిని ఎత్తి, బ్లీడ్ స్క్రూ వదులుచేసి, బుడగలు లేకుండా కూలెంట్ ధారగా వచ్చాక బిగించండి.
- థర్మోస్టాట్: ఇంజిన్ వేడెక్కినా ఎక్స్‌చేంజర్లు చల్లగానే ఉంటే అది తెరుచుకోవడం లేదు.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. అల్యూమినియం ఇంజిన్లకు సరిపోయే కూలెంట్ తీసుకోండి. లెవెల్ తగ్గినప్పుడల్లా వట్టి నీళ్లు కలుపుతూ పోతే మిశ్రమం పలచబడి, ఒక చలి రాత్రికి ఇంజిన్ బ్లాక్ పగిలే పరిస్థితి వస్తుంది.

## 7. ట్రాక్, స్లైడర్లు

ట్రాక్ వదులైతే డ్రైవ్ పళ్ల మీద టకటకా జారుతుంది. బిగువైతే స్లైడర్లు (పట్టాల కింద ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు), బేరింగులు త్వరగా అరుగుతాయి, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కొత్తగా కొన్నవాళ్లు బిగువు వైపే తప్పు చేస్తారు.

1. కొంచెం నడిపాక, వెనక భాగం ఎత్తి స్టాండ్ మీద పెట్టండి.
2. కింది ట్రాక్ మధ్యలో మాన్యువల్ చెప్పిన బరువు వేలాడదీయండి. ఒక కంపెనీకి ఏడు కిలోల పైన ఉంటే ఇంకో కంపెనీకి ఐదు లోపే ఉంటుంది.
3. స్లైడర్ అడుగు నుంచి ట్రాక్ లోపలి ముఖానికి ఎడం కొలవండి. చాలా మోడళ్లలో ఇది 30 నుంచి 40 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది.
4. వెనక ఇరుసు బోల్టు వదులుచేసి, రెండు వైపుల సర్దుబాటు బోల్టులను సమానంగా తిప్పండి.
5. ఇంజిన్ స్టార్ట్ చేసి ట్రాక్‌ను మెల్లగా తిప్పి, ఆపండి. బ్రేక్ వేయకుండా దానంతటదే ఆగనివ్వండి.
6. రెండు వైపులా ట్రాక్ లోహపు గైడ్లకూ స్లైడర్‌కూ మధ్య ఎడం చూడండి. ఏ వైపు దగ్గరగా ఉందో ఆ వైపు బోల్టు పావు చుట్టు బిగించి మళ్లీ తిప్పి చూడండి.
7. సరిపోయాక ఇరుసు బోల్టును టార్క్‌కు బిగించి, ఎడం ఇంకోసారి కొలవండి. బిగించేటప్పుడు జరిగే అవకాశం ఉంది.

స్లైడర్ల పక్కన అరుగుదల గీత ఉంటుంది. గీత దాకా అరిగితే మార్చాలి. ఆలస్యం చేస్తే ట్రాక్ గైడ్లు అల్యూమినియం పట్టాలనే కోసేస్తాయి. చక్రాలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడండి. గరగరలాడినా, అటూ ఇటూ ఊగినా బేరింగ్ మార్చండి.

## 8. చెయిన్‌కేస్, బ్రేక్, స్టీరింగ్, గ్రీజు

చెయిన్‌కేస్ (వెనక క్లచ్ నుంచి ట్రాక్‌కు ఊపు చేర్చే చెయిన్ ఉండే పెట్టె) ఆయిల్ ఏడాదికోసారి మార్చితే చాలు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద మెత్తటి బూడిద లాంటి పేస్టు ఉండటం సహజం. గోటికి తగిలే ముక్కలుంటే మూత తీసి చెయిన్, పళ్లు చూడాలి. టెన్షన్ బోల్టును చేత్తో తిరిగినంత బిగించి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి తిప్పి, లాక్ నట్టు వేయండి. కొన్ని మోడళ్లలో చెయిన్ బదులు బెల్టు ఉంటుంది, వాటికి ఆయిల్ పోయకూడదు.

బ్రేక్ ఫ్లూయిడ్ చాలావాటికి డాట్ 4. రెండేళ్లకోసారి మార్చండి. లివర్ స్పాంజ్‌లా మెత్తగా ఉంటే గాలి చేరింది, దాన్ని బయటికి పంపాలి (బ్లీడ్ చేయాలి). ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ లాగుతుంటే ముందు స్కీల కింది కార్బైడ్ కడ్డీలు చూడండి. అరిగినవి మార్చకుండా అలైన్‌మెంట్ మొదలుపెట్టడం వృథా శ్రమ. తర్వాత హ్యాండిల్ తిన్నగా ఉంచి, ట్రాక్ పక్కన పొడవైన బద్ద ఆనించి, స్కీ ముందు భాగం, వెనక భాగం బద్దకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. స్కీల ముందు భాగాలు కొన్ని మిల్లీమీటర్లు బయటికి తెరుచుకుని ఉండాలి, లోపలికి ముడుచుకుని ఉండకూడదు.

సస్పెన్షన్ గ్రీజు నిపుళ్లలో (గ్రీజు గన్ తగిలించే చిన్న మూతులు) పాత గ్రీజు, నీళ్లు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. తడి మంచులో తిరిగితే తరచుగా చేయాలి. డ్రైవ్ షాఫ్ట్ నిపులు గార్డు వెనక దాక్కుని ఉంటుంది, ఎక్కువమంది వదిలేసేది అదే.

ప్రతిసారీ బయలుదేరే ముందు:

- థ్రాటిల్ లివర్ నొక్కి వదిలితే టక్కున వెనక్కి వస్తోందా? మంచుతో బిగుసుకుంటే స్టార్ట్ చేయకండి.
- కిల్ స్విచ్, సేఫ్టీ తాడు రెండూ ఇంజిన్‌ను ఆపుతున్నాయా?
- బ్రేక్ గట్టిగా ఉందా? లైట్లు వెలుగుతున్నాయా?
- స్పేర్ బెల్టు, దాన్ని మార్చే పరికరం బండిలో ఉన్నాయా?

టర్బో ఉన్న బండి అయితే ఇంకో అలవాటు చేసుకోండి. గట్టిగా నడిపి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. మాన్యువల్ హై-ఆక్టేన్ పెట్రోల్ అడిగితే అదే పోయండి.

## 9. బయట మెకానిక్‌కు వదిలేయాల్సినవి

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) కొలవడం ఓపిక ఉంటే ఇంట్లో చేయొచ్చు. కానీ ఆ సందును సరిచేసే షిమ్ములు (పల్చటి బిళ్లలు) మార్చడానికి క్యామ్ షాఫ్టులు తీయాల్సిన ఇంజిన్లలో టైమింగ్ ఒక పన్ను తప్పినా వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుంటాయి. ఇంజిన్ వైపున్న ముందరి క్లచ్‌ను విప్పి స్ప్రింగులు మార్చడం, హెడ్ గాస్కెట్, టర్బో, షాక్ అబ్జార్బర్ల గ్యాస్ నింపడం కూడా అనుభవం, ప్రత్యేక పరికరాలు ఉన్నవాళ్లకే వదిలేయండి. మీరు కొలిచిన వోల్టేజ్, రాసుకున్న ఫాల్ట్ కోడ్, సమస్య ఏ పరిస్థితిలో వస్తుందో కాగితం మీద రాసి ఇస్తే వాళ్ల పని సగం తగ్గుతుంది, మీ బిల్లు కూడా.

## 10. సీజన్ అయ్యాక దాచడం

వచ్చే చలికాలం బండి ఎలా ఉంటుందన్నది చాలావరకు ఈ ఒక్క పూట పని మీదే ఆధారపడి ఉంటుంది. వరుస మార్చకుండా చేయండి.

1. బండిని కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ప్రెషర్ వాషర్ ధారను బేరింగులకూ కనెక్టర్లకూ దూరంగా ఉంచండి.
2. ట్యాంకులో స్టెబిలైజర్ వేసి, వ్యాకోచానికి కాస్త చోటు వదిలి పెట్రోల్ నింపండి. తర్వాత పది నిమిషాలు ఇంజిన్ నడపండి, స్టెబిలైజర్ ఇంజెక్టర్ల దాకా చేరాలి.
3. ఇంజిన్ ఇంకా వెచ్చగా ఉండగానే ఆయిల్, ఫిల్టర్ మార్చండి. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు ఉంటాయి, అవి నెలల తరబడి లోపల ఉండకూడదు.
4. అన్ని నిపుళ్లకూ గ్రీజు కొట్టండి. లోపల దాగిన నీరు బయటికి వస్తుంది.
5. బెల్టు తీసి, చల్లటి పొడి చోట వేలాడదీయండి. గార్డు మీద "బెల్టు లేదు" అని చీటీ అంటించండి.
6. బ్యాటరీ విప్పి మెయింటెయినర్ చార్జర్‌కు పెట్టండి. అది లేకపోతే నెలకోసారి వోల్టేజ్ చూసి, 12.4కు తగ్గితే చార్జ్ పెట్టండి.
7. వెనక భాగం ఎత్తి, ట్రాక్ నేలకు తగలకుండా ఉంచి, టెన్షన్ కొద్దిగా వదులు చేయండి.
8. ఎలుకలు దూరకుండా గాలి ముఖద్వారం, సైలెన్సర్ నోరు గుడ్డతో మూయండి. ఆ గుడ్డలకు రంగు రిబ్బన్ కట్టి, దాని రెండో కొస హ్యాండిల్‌కు ముడివేయండి.
9. గాలి ఆడే కవరు కప్పండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తుంది.

మళ్లీ బయటికి తీసే రోజున ముందు రిబ్బన్లు, గుడ్డలు. తర్వాత బ్యాటరీ, బెల్టు, ట్రాక్ టెన్షన్. గొట్టాలు, వైర్లు ఎలుకలు కొరికాయేమో టార్చి వేసి చూడండి. స్టార్ట్ చేసి ఆయిల్ లైటు ఆరిందని చూసుకుని, బ్యాటరీ మీద వోల్టేజ్ కొలవండి. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగుంది. ఆ రోజు దగ్గర్లోనే ఒక చుట్టు తిరిగి వచ్చి, ఆయిల్ లెవెల్, కూలెంట్ లెవెల్ మరోసారి చూడండి. కింద కొత్త చుక్కలేవీ లేకపోతే దూర ప్రయాణానికి తీసుకెళ్లొచ్చు.